నల్ల అట్ట తీస్తే

ప్రియమైన ఉడుతకి,

క్షేమంగా చేరాను. బస్సు దిగేసరికి ఎండ దంచేస్తోంది. మా ల్యాబు గేటు మీది బోర్డు పోయినేడాది కంటే ఘోరంగా ఉంది. ఉప్పుగాలికి సగం అక్షరాలు రాలిపోయాయి. నువ్వు చూస్తే అందరినీ వరసపెట్టి తిట్టేదానివి. అదే గది ఇచ్చారు. అదే కుంటి మంచం, కిటికీ అవతల అదే నీళ్ళ పంపు, దాని రొద.

ఏటా ఇక్కడ నేను చేసే పని ఏమిటో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు, ఈసారి బయలుదేరేముందు కూడా. నీ ముఖం చూస్తూ చెప్పే ధైర్యం లేకపోయింది. ఇప్పుడు చెబుతున్నాను. మా సముద్రపు నత్తలకు రెండు పొడుగాటి కాడలు, ఒక్కో కాడ చివర ఒక్కో కన్ను. ఆ కన్ను తెగిపోతే అక్కడే మళ్ళీ కొత్తది మొలుస్తుంది. మొలిచింది చూడ్డానికి కన్నులాగే ఉంటుంది, కానీ అది ఏ రోజు నుంచి నిజంగా చూస్తుందన్నది తేల్చాలి. నత్తను అడిగితే చెప్పదు కదా. అందుకని చీకటి గదిలో దాని కంటి మీద వెంట్రుకకన్నా సన్నని గాజుగొట్టం మొన ఆనించి, దీపం వెలిగిస్తాం. వెలుగు పడగానే కంట్లో రవ్వంత కరెంటు పుడుతుంది. తెర మీద తిన్నగా పోతున్న గీత ఒక్కసారి కిందికి జారి మళ్ళీ లేస్తుంది. గీత కదిలిందా, కన్ను చూసిందన్నమాట. కదల్లేదా, అది ఉత్త బొడిపె.

అంటే ముందు ఒక కన్ను కోయాలి. పని మొదలైంది. ఒక ముసలి నత్త ఉంది, చిప్పంతా నాచు, అంచులు విరిగిపోయి ఉన్నాయి. బామ్మ అని పేరు పెట్టాను. దానికి ఎడమ కన్ను లేదు. కాడ చివర గాయం మాని నున్నగా ఉంది. ఇవాళే దాన్ని తొట్టెలో వేశాను.

మీ నాన్న వంట తినగలుగుతున్నావా? బయటికి వెళితే కళ్ళజోడు మరిచిపోకు. ఉన్న కన్నును కాపాడుకోవాలి తల్లీ.

నీ మీదే ధ్యాసగా,
అమ్మ


ప్రియమైన నత్తలమ్మకి,

ముందు ఒక షరతు. ఫోన్ చేయకు. ఫోన్లో నువ్వు ఏడుపు దిగమింగుకోవడం నాకు వినిపిస్తుంది, నేను పళ్ళు కొరుక్కోవడం నీకు వినిపిస్తుంది. ఎలాగూ ఒంటి కంటితో చేతికి దూరం అలవాటు కావాలంటే రోజూ ఏదో ఒకటి రాయమని డాక్టరమ్మ చెప్పింది. ఆ రాసేదేదో నీకే రాస్తాను.

నాన్న నా నిచ్చెనను సామాన్ల గదిలో గొలుసుతో కట్టి తాళం వేశాడు. కూరగాయల కత్తి ఎక్కడ దాచాడో ఆయనకే గుర్తులేదు, రెండు రోజులుగా దుంపలు ఉడకబెట్టుకుని తింటున్నాం. నేను ఎదురుపడితే గోడకు అంటుకుపోయి దారి ఇస్తున్నాడు. ఇన్నేళ్ళు బస్సు నడిపి ఎవరికీ సైడివ్వని మనిషి!

నిన్న టీ పోసుకోబోయి బల్లంతా తడిపాను. గ్లాసు అక్కడే ఉంది, చెయ్యి ఇక్కడే ఉంది, మధ్యలో ఎంత దూరమో చెప్పే నాథుడు లేడు. గోడ దగ్గరికి బ్రష్షు తీసుకెళితే ఒకసారి గాల్లో ఆగుతుంది, ఇంకోసారి ధబ్బున గుద్దుకుంటుంది. బోర్డు బిగిస్తుంటే తీగ తెగి కంట్లో కొట్టిన రోజు కన్ను ఒక్కటే పోయిందనుకున్నాను. నాలుగేళ్ళు మేస్త్రి దగ్గర తిట్లు తిని నేర్చుకున్న బోర్డులు రాసే పని కూడా పోయిందని ఇప్పుడు తెలుస్తోంది.

ఇక అసలు విషయం. వీధిలో అందరూ నన్ను ఆపి చెబుతున్నారు, మీ అమ్మ కళ్ళు మొలిపిస్తోందటగా, ఇంకేం, నీకూ మొలిపిస్తుందిలే అని. మందుల షాపాయన కూడా. నాన్న ఏమంటాడో తెలుసా? “చూద్దాంరా, సైన్సు ఎక్కడికో పోయింది” అంటాడు. డాక్టరమ్మ నవ్వి ఊరుకుంటుంది. నా కన్ను పోయిన రెండు నెలలకే నువ్వు కళ్ళు కోసే పనికి వెళ్ళావు. వెళితే వెళ్ళావు. ఒక్క మాట సూటిగా చెప్పు. నా కన్ను మళ్ళీ వస్తుందా, రాదా? ‘చూద్దాం’ అని రాశావంటే ఇక ఉత్తరాలు కూడా బంద్.

కోపంగానే,
ఉడుత


ప్రియమైన ఉడుతకి,

రాదు.

మనిషి కన్ను అలా మొలవదు. నా పని వల్ల ఎప్పటికైనా ఎవరికైనా మేలు జరగొచ్చు, జరగకపోవచ్చు. నీ కన్ను తిరిగి రావడం మాత్రం జరగదు. నీ కోసమే ఈ పని చేస్తున్నానని వీధిలో వాళ్ళు అనుకుంటే అనుకోనీ, నువ్వు అనుకోకు. నీకు తీగ తగలకముందు కూడా నేను చేసింది ఈ పనే. ఈ ఒక్క మాట రాయడానికి ఎన్ని కాగితాలు చింపానో నాకు తెలుసు. అమ్మగా అబద్ధం చెప్పాలనిపించింది. కానీ నువ్వు సూటిగా అడిగావు.

టీ సంగతి చెబుతాను విను. నా పాత మైక్రోస్కోపుకు ఒక్కటే గొట్టం, ఒంటి కంటితోనే చూడాలి. గాజుమొన నీటికి ఎంత పైన ఉందో చూపుతో తెలియదు. అందుకని పక్కన ఒక స్పీకరు పెట్టుకుంటాను. మొన గాల్లో ఉన్నంతసేపూ అది జుయ్యిమని గోల పెడుతుంది. నీటిని తాకిందంటే టక్కున నోరు మూస్తుంది. నేను చూసి ఆగను, తాకి ఆగుతాను. నువ్వు జగ్గు మూతిని ముందు గ్లాసు అంచుకు ఆనించు. ఆనిందని చేతికి తెలిశాకే ఒంచు.

ఇంకేం రాయాలో తోచడం లేదు.

అమ్మ


ప్రియమైన ఉడుతకి,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. పోస్టు తెచ్చే ఆయన నన్ను చూస్తే తప్పు చేసినట్టు తల దించుకుని వెళ్ళిపోతున్నాడు. నీకు కోపం వచ్చిందని తెలుసు, ఏడుపు వచ్చిందని కూడా తెలుసు. అయినా ఆ మాట వెనక్కి తీసుకోను.

ఊరికే కబుర్లు రాస్తాను, చదివితే చదువు. బామ్మ మహా గడుసుది. ఉన్న ఒక్క కన్నును పెరిస్కోపులా పైకెత్తి, రోజూ తొట్టె గోడెక్కి పారిపోవాలని చూస్తుంది. మూత మీద ఇటుక పెట్టాం. పొద్దున చూస్తే ఇటుక జరిగి ఉంటుంది. కుర్ర నత్తలు హాయిగా ఇసుకలో పడుకుని ఉంటాయి, దీనికే తిరుగుడు. దాని కాడ చివర చిన్న బొడిపె కనిపిస్తోంది. పెరుగుతోందో లేదో ఇంకా తెలియదు.

నీతో ఒక పని పడింది. మా దీపం ముందు ఒక తలుపు ఉంటుంది, మీట నొక్కితే టక్కుమని తెరుచుకుంటుంది. ఆ తలుపు అదురుకు కూడా ఒక్కోసారి గీత కదిలి మమ్మల్ని వెధవల్ని చేస్తుంది. అందుకని దీపానికి నల్ల అట్ట అడ్డం పెట్టి ఉత్తుత్తినే మీట నొక్కి చూడాలి. వెలుగు లేనప్పుడు కూడా గీత కదిలితే అది కంటి పని కాదు. మా అట్ట పాతబడి మెరుస్తోంది, అంచుల్లో వెలుగు కారుతోంది. మెరుపు లేని నలుపు వేయడం నీకు వచ్చినట్టు ఇక్కడ ఎవరికీ రాదు. చెయ్యాలనిపిస్తేనే చెయ్యి.

ఎదురుచూస్తూ,
అమ్మ


ప్రియమైన నత్తలమ్మకి,

ఏడ్చాను. ముఖం కడుక్కుని మళ్ళీ ఏడ్చాను. నాన్న తలుపు బయట నిలబడి “ఏమైంది, ఏం రాసింది, నేను తిట్టనా దాన్ని?” అని ఒకటే గొడవ. వద్దన్నాను. ఎందుకంటే అమ్మా, అందరూ చూద్దాం చూద్దాం అంటుంటే నేను గడప మీద కూర్చున్న మనిషిలా ఉన్నాను, లోపలికీ కాదు, బయటికీ కాదు. నువ్వు రాదు అన్నాక లేచాను. కాళ్ళు తిమ్మిరెక్కాయి గానీ లేచాను.

టీ బల్ల మీద పడడం లేదు. జగ్గు మూతి ఆనించడం నేర్చుకున్నాను. అదే పద్ధతి గోడకు కూడా పెట్టాను. ముందు చిటికెన వేలు గోడకు ఆనాలి, తర్వాతే బ్రష్షు. నా గది గోడ నిండా అక్షరాలే ఇప్పుడు. ఇల్లు గలాయన చూస్తే గుండె ఆగుతుంది.

మొన్న మేస్త్రి వచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు. “బడి గోడ పని ఒప్పుకున్నాను. మనిషెత్తు అక్షరాలు. వస్తావా, వేరేవాళ్ళని చూసుకోమంటావా?” అన్నాడు. నాన్న అడ్డొచ్చి, “పిల్ల ఇంకా కోలుకోలేదండీ, ఇప్పుడప్పుడే ఏం చెప్పగలం...” అని నసుగుతున్నాడు. “నేను అడిగింది పిల్లనండీ” అన్నాడు మేస్త్రి. ఈ నెలాఖరులోగా చెప్తానన్నాను. అంత ఎత్తు గోడ ఎక్కగలనో లేదో ముందు తేల్చుకోవాలి.

ఇప్పుడు నీ సంగతి. నీ ఉత్తరాలన్నీ మొదట్నుంచి మళ్ళీ చదివాను. బామ్మను తొట్టెలో వేసిన రోజే గాయం మాని నున్నగా ఉందని రాశావు. గాయం అంత తొందరగా మానదమ్మా. నాకు రోజూ కట్టు మార్చింది నువ్వే, నీకు చెప్పాలా? బామ్మ కన్ను నువ్వు కోయలేదు. పని మొదలైందన్నావు. ఏ నత్తను కోశావు? అసలు కోశావా?

జవాబు సూటిగా కావాలి. నేర్పింది నువ్వే.

ఉడుత


ప్రియమైన ఉడుతకి,

దొరికిపోయాను. ఒక్కదాన్ని కూడా కోయలేదు.

బామ్మ సముద్రంలోంచి అలాగే వచ్చింది. ఏ చేపో కొరికేసి ఉంటుంది. దాన్ని చూపించి పని మొదలైందని నీకు రాశాను, ఇక్కడ పెద్దాయనకూ అదే చెప్పాను. ఆయన మా ల్యాబుకు పెద్ద, మనిషి మంచివాడే, కానీ నన్ను ఎంతకాలమని నమ్ముతాడు? కన్ను ఏ రోజు పోయిందో తెలిస్తేనే కదా, ఎన్నాళ్ళకు చూపు వచ్చిందో చెప్పగలం. బామ్మతో ఆ లెక్క తేలదు.

రోజూ కత్తెర చేతిలోకి తీసుకుంటాను. నత్త మత్తునీళ్ళలో మెత్తబడి ఉంటుంది, దానికి నొప్పి తెలియదు. ఇన్నేళ్ళుగా చేస్తున్న పనే. కానీ ఆ కన్ను చుట్టూ పసుపు వలయం, మధ్యలో నల్లటి చుక్క, అది నా వైపే తిరిగి ఉంటుంది. ఆసుపత్రిలో నీ కట్టు మొదటిసారి విప్పిన రోజు కళ్ళముందుకొస్తుంది. చెయ్యి ముందుకు పోదు. కత్తెర కింద పెట్టి, నత్తను మంచినీళ్ళలో... చూశావా, ఏం రాస్తున్నానో కూడా తెలియడం లేదు, సముద్రపు నీళ్ళలో వదిలేసి బయటికి వచ్చేస్తాను.

నిన్న పెద్దాయన పిలిచి, “నత్తల సీజను అయిపోవస్తోంది. మీవల్ల కాకపోతే ఇంకొకరికి ఇస్తాను. ఇందులో నామోషీ ఏం లేదు. ఇంటికెళ్ళి అమ్మాయిని చూసుకోండి” అన్నాడు. అదే మంచిదనిపిస్తోంది. బడి గోడ వద్దులే, నేను వచ్చేస్తాను. ఇద్దరం ఇంట్లో ఉందాం.

నీ అమ్మ


ప్రియమైన అమ్మకి,

రాకు.

నన్ను అడ్డం పెట్టుకుని పని మానేస్తే ఊరుకోను. నువ్వు వచ్చి నా పక్కన కూర్చుంటే ఇంట్లో నిచ్చెనకు కాపలా ఇద్దరవుతారు, అంతే.

నీ ఉత్తరం చదివిన పూటే నాన్న దగ్గరికెళ్ళి తాళంచెవి అడిగాను. ఇవ్వనన్నాడు. “ఆ ఏడాది వంతెన దగ్గర నీ బస్సు పల్టీ కొట్టింది కదా, మళ్ళీ స్టీరింగు పట్టలేదా?” అన్నాను. “అది వేరు.” “ఏం వేరు?” తర్వాత తనే లోపలికెళ్ళి గొలుసు విప్పి, నిచ్చెన మోసుకొచ్చి గోడకు వేసి, కింద రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. నేను ఎక్కుతూ కిందికి చూస్తే కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. “కళ్ళు మూసుకుని పట్టుకుంటే ఏం లాభం నాన్నా?” అన్నాను. “చూడలేనమ్మా. పట్టుకోమంటే పట్టుకుంటాను” అన్నాడు.

ప్రతి మెట్టునూ ముందు కాలితో తడిమాను. సగంలో నిచ్చెన వణికింది, అది నాన్న వణుకో నాదో తెలియలేదు. పైదాకా వెళ్ళాను. పైన చూరు కింద సాలెగూళ్ళు ఉన్నాయి, చీపురు అందుకోమని నాన్నను కేకేశాను. మేస్త్రికి వస్తానని చెప్పేశాను.

నువ్వు కొయ్యి అమ్మా. నత్త కన్ను నా కన్ను కాదు. దానికి మళ్ళీ వస్తుంది. కొత్త కన్ను మొదటిసారి ఏ రోజు చూస్తుందో నాకు తెలుసుకోవాలని ఉంది. నాకు రాదు కాబట్టే తెలుసుకోవాలని ఉంది. ఇంకొకరు కోసి చెబితే నేను వినను. నువ్వే చెప్పాలి.

అట్ట పంపుతున్నాను. మసినలుపు, ఒకదాని మీద ఒకటి మూడు పూతలు, అంచులు కూడా. నట్టెండలో సూర్యుడికి అడ్డం పెట్టి చూశాను, చీమ తలంత వెలుగు కూడా రాలేదు. మడవకు, రంగు పగులుతుంది. బామ్మను అడిగానని చెప్పు. నేను దాని పార్టీ.

మొండిగా,
ఉడుత


ప్రియమైన ఉడుతకి,

కోశాను.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని వెళ్ళాను. కత్తెర పట్టుకున్నాక నీ కట్టు విప్పిన రోజు మళ్ళీ గుర్తొచ్చింది. వస్తే రానీ అనుకున్నాను. చెయ్యి ఆగలేదు. ఒక్క కత్తిరింపు. కుర్ర నత్త, దాని ఎడమ కన్ను. మత్తు దిగాక చాలాసేపు చిప్పలోంచి బయటికి రాలేదు. నేను తొట్టె పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. వచ్చింది. పాకింది. మేత తింది. అప్పుడు వెళ్ళి నేను కూడా అన్నం తిన్నాను.

ఇక చేసేదేం లేదు, కాచుకోవడమే. అట్ట అందింది. ఇంత నలుపు నేను ఎక్కడా చూడలేదు.

అమ్మ


ప్రియమైన నత్తలమ్మకి,

బడి గోడ మొదలుపెట్టాం. మొదటి అక్షరానికే బ్రష్షు గోడను గుద్దుకుని రంగు మోచేతిదాకా కారింది. పిల్లలంతా కిటికీల్లోంచి చూస్తున్నారు. పరువు పోయిందనుకున్నాను. మేస్త్రి కింద నుంచి, “చెరిపి మళ్ళీ రాయి. రెండు కళ్ళున్నప్పుడు చెరిపించలేదా నీతో?” అన్నాడు. ఆ మాటకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. కన్ను పోయాక నన్ను తిట్టిన మొదటి మనిషి ఆయనే.

చెరిపి మళ్ళీ రాశాను. కిందికి దిగి వీధి అవతల నిలబడి చూశాను. వంకర లేదు. నాన్న బస్సు రోజూ ఆ దారినే వెళుతుంది, గోడ దగ్గరికి రాగానే హారను మోగిస్తున్నాడు. బడివాళ్ళు ఫిర్యాదు చేశారు.

మొలిచిందా?

ఉడుత


ప్రియమైన ఉడుతకి,

మొలిచింది. ముందు ఆవగింజంత నల్లచుక్క, తర్వాత దాని చుట్టూ లేత పసుపు వలయం. చూడ్డానికి ముద్దొస్తోంది, కానీ ముద్దొచ్చినంత మాత్రాన అది కన్ను కాదు కదా. రెండు రోజులకొకసారి చీకటి గదిలోకి తీసుకెళ్ళి దీపం వేశాను. గీత కదల్లేదు. మళ్ళీ వేశాను. కదల్లేదు. పెద్దాయన కూడా గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు.

ఇవాళ కదిలింది.

కోయని కుడి కన్నుకు వచ్చేదానిలో పదో వంతు కూడా లేదు, చిన్న పల్లం, అంతే. పెద్దాయన కుర్చీలోంచి లేచి నా భుజం తట్టాడు. నేను నవ్వలేదు. తలుపు అదురు మమ్మల్ని ఎన్నిసార్లు మోసం చేసిందో నాకు తెలుసు. నీ అట్ట తీసి దీపానికి అడ్డం పెట్టాను. మీట నొక్కాను. టక్కుమంది. గీత తిన్నగా పోయింది. అట్ట తీసి నొక్కాను. పల్లం. పెట్టాను, లేదు. తీశాను, ఉంది. చెయ్యి నొప్పెట్టేదాకా అదే పని చేశాను. చివరికి పెద్దాయన, “ఇక చాలమ్మా, అది చూస్తోంది. నమ్మండి” అన్నాడు. అట్టను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, “ఇది ఎక్కడ కొన్నారు?” అని అడిగాడు. మా అమ్మాయి వేసిందని చెప్పాను. అప్పుడు నవ్వాను. తర్వాత ఏడ్చాను కూడా, నీ దగ్గర దాపరికం ఎందుకు.

ఇంకొక సంగతి. గాజుమొన సిద్ధంగా ఉంది కదా అని బామ్మను కూడా తెచ్చి పెట్టాను. దాని బొడిపె మీద ఆనించి, ఉన్నదాంట్లో పెద్ద దీపం వేశాను. ఏమీ లేదు. ఎన్నిసార్లు వేసినా గీత తిన్నగానే ఉంది. కన్నుతో పాటు కాడ కూడా కొంత తెగిందేమో, దానికి కన్ను రాదు. తర్వాత మొనను దాని కుడి కంటికి మార్చాను. మామూలు దీపమే వేశాను. గీత ఎంత లోతుకు పడిందంటే తెర దాటి కిందికి పోయింది, మళ్ళీ పైకి తేవడానికి నాబు తిప్పాల్సి వచ్చింది. ముసలిదానికి ఇంత చూపా అని పెద్దాయన నోరెళ్ళబెట్టాడు. చిప్ప తిరగేసి తొట్టెలో పెడితే, అది చక్కా మళ్ళీ గోడ ఎక్కడం మొదలుపెట్టింది.

‘రాదు’ అని నేనన్న మాట ఇప్పటికీ మారదు. కానీ తెర దాటిపోయిన ఆ గీత చూసినప్పుడు నువ్వు పక్కన లేవే అనిపించింది.

బామ్మను ఇక తొట్టెలో ఉంచడం అన్యాయం. సముద్రంలో వదిలేద్దామని పెద్దాయనను ఒప్పించాను. బడి గోడ అయిపోగానే నువ్వు రా, నీ చేత్తో వదులుదువు గాని. బ్రష్షులు, రంగులు తెచ్చుకో, గేటు మీద బోర్డు నీ కోసం ఆగి ఉంది. కూలి గట్టిగానే అడుగు, తగ్గకు. ఇక్కడి నిచ్చెనకు మధ్యలో ఒక మెట్టు వదులు, కాలితో తడుముకుని ఎక్కు. కింద నేను పట్టుకుంటాను, కళ్ళు తెరుచుకునే.

నీ అమ్మ